మూలిక రక్తనాళాలను పెంచుతుందా, ఆపుతుందా? ల్యాబ్‌లో తేల్చేది ఎలా?

జిన్సెంగ్ వేరు గురించి చాలాకాలం పొంతన లేని రెండు రకాల పరిశోధనలు వచ్చాయి. అది కొత్త రక్తనాళాలను మొలిపిస్తుందని, పుళ్లు త్వరగా మానుతాయని కొందరు రాశారు. అదే వేరు కొత్త రక్తనాళాలను అడ్డుకుంటుందని, కాబట్టి కణితికి రక్తం అందకుండా చేస్తుందని మరికొందరు రాశారు. వీళ్లలో ఎవరో ఒకరు పొరబడ్డారని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 2004లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఇద్దరి మాటా నిజమేనని చూపించింది. ఆ వేరులోని ఆర్‌జీ1 అనే పదార్థం నాళాలను పెంచుతుంది, ఆర్‌బీ1 అనే పదార్థం ఆపుతుంది. ఏ సారంలో ఏది ఎక్కువ ఉంటే ఫలితం అటు మొగ్గుతుంది.

ఒక్క వేరు విషయంలోనే ఇంత మెలిక ఉన్నప్పుడు, పది పదిహేను దినుసులు కలిపి కాచిన కషాయం సంగతి చెప్పక్కర్లేదు. అయినా "ఫలానా మూలిక రక్తనాళాల మీద పనిచేస్తుందని ల్యాబ్‌లో రుజువైంది" అనే వాక్యం వార్తల్లో, మందు సీసాల మీద, వాట్సాప్‌లో రోజూ తిరుగుతూనే ఉంటుంది. ఏ సారం, ఎంత మోతాదు, ఏ కణాల మీద, దేనితో పోల్చి చూశారు అన్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క వాక్యం కింద దాక్కుంటాయి. అసలు ల్యాబ్‌లో ఏం చేస్తారో తెలిస్తే తప్ప అవి బయటికి రావు.

నాళం ఎందుకు మొలుస్తుంది

ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ 100 నుంచి 200 మైక్రోమీటర్ల లోపు ఒక కేశనాళిక ఉండాలి. ఆక్సిజన్ అంతకు మించిన దూరం ఇంకి వెళ్లలేదు. గాయమైన చోట, రక్తం సరిగా అందని గుండె కండరంలో, వేగంగా పెరిగే కణితి మధ్యలో ఆ దూరం దాటిపోతుంది. అప్పుడు అక్కడి కణాల్లో హిఫ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. మామూలుగా పుట్టిన కాసేపటికే ముక్కలైపోయే ఈ ప్రోటీన్, ఆక్సిజన్ తగ్గితే మాత్రం నిలిచిపోతుంది. కణం ఆక్సిజన్‌ను ఇలా పసిగట్టే తీరును వెలికితీసినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ వచ్చింది. హిఫ్ నిలవగానే కణం వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది. "ఇటువైపు ఒక నాళం కావాలి" అని చెప్పే రసాయన సంకేతం అదే.

ఆ సంకేతాన్ని అందుకునేవి రక్తనాళం లోపలి గోడకు పరుచుకుని ఉండే ఎండోథీలియల్ కణాలు. పెద్దవాళ్లలో ఇవి ఏళ్ల తరబడి విభజన చెందకుండా కుదురుగా ఉంటాయి. వీఈజీఎఫ్ తగలగానే వీటిలో కొన్ని చుట్టూ ఉన్న పొరను కరిగించి, సంకేతం వచ్చిన వైపు పాకుతాయి. వాటి వెనక మరికొన్ని విభజన చెందుతూ వస్తాయి. తర్వాత అన్నీ కలిసి గొట్టంగా మారతాయి. చివరికి బయటి నుంచి వేరే కణాలు వచ్చి ఆ గొట్టానికి దన్నుగా నిలుస్తాయి. ఈ దశలు గుర్తుంచుకోవాలి. కింద చెప్పబోయే పరీక్షల్లో చాలావాటికి వీటిలో ఒక్క దశే కనిపిస్తుంది, మిగతావి కనిపించవు.

కొత్త నాళాలు రాకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగలేదని, కాబట్టి నాళాలను ఆపడమే ఒక చికిత్స కావచ్చని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో రాశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు పెద్దపేగు క్యాన్సర్ చికిత్సలో అమెరికా అనుమతి దొరికింది 2004లో. అంటే ఆ ఆలోచన మందుగా మారడానికి 33 ఏళ్లు పట్టింది. కంటి రెటీనా కింద అడ్డదిడ్డంగా నాళాలు పెరిగి చూపు పోయే జబ్బులో కూడా ఇప్పుడు ఇదే దారిలో పనిచేసే మందులను కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండ్లకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ నాళాలు పెరగాలి. కాబట్టి ఒక మూలిక "రక్తనాళాలకు మంచిది" అంటే అర్థమే లేదు. ఎవరికి, ఎక్కడ అన్నది చెప్పాలి.

ముందు సీసాలో ఉన్నదేమిటో తేల్చాలి

మామూలు మందు పరీక్షలో సీసాలో ఉన్నది ఒకే అణువు. మూలిక సారంలో వందల రకాల అణువులుంటాయి. అందుకే అసలు పని కణాల దాకా వెళ్లకముందే మొదలవుతుంది. చాలా పేపర్లు జారిపోయేది కూడా ఇక్కడే.

మొదట చూడాల్సింది మొక్క అదేనా కాదా అన్నది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో స్టెఫానియా అనే మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎండబెట్టి పొడి చేశాక రెండు వేర్లను కంటితో పోల్చి చెప్పడం కష్టం. కాబట్టి వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించిన నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) దాచి, దానికి ఇచ్చిన నంబరును పేపర్లో రాయాలి. ఆ నంబరు లేని పేపర్ చూస్తే నాకు మిగతాది చదవాలన్న ఉత్సాహం సగం పోతుంది.

తర్వాతిది సారం తీసిన పద్ధతి. నీళ్లలో మరిగిస్తే ఒక రకం అణువులు దిగుతాయి, ఆల్కహాల్‌లో నానబెడితే ఇంకో రకం. మలేరియా మందు ఆర్టిమిసినిన్ కథలో మలుపు తిప్పింది ఇదే. మరిగించిన కషాయం సరిగా పనిచేయకపోతే, వేడికి అసలు పదార్థం పాడవుతోందేమోనని చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1971లో తక్కువ వేడి దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీసి చూశారు, అది పనిచేసింది. కాబట్టి ఇంట్లో కాచే కషాయానికి, ల్యాబ్‌లో మెథనాల్‌తో తీసిన సారానికి మొక్క పేరొక్కటే ఉమ్మడి కావచ్చు. ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టలేం.

సారం చేతికొచ్చాక దాన్ని హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పంపి, ఏ అణువు ఎంత ఉందో చూపే గ్రాఫ్ తీస్తారు. వచ్చే ఏడాది కోసిన పంట గ్రాఫ్ కూడా ఇలాగే ఉంటేనే ప్రయోగం మళ్లీ చేయడం కుదురుతుంది. ఇంకో చిక్కు కంటికి కనిపించదు. నేల తగిలిన వేర్లలో, బెరడుల్లో బ్యాక్టీరియా గోడల తునకలు ఉంటాయి. ఎండోటాక్సిన్ అనే ఈ పదార్థం వేడికి ఒక పట్టాన పోదు, పైగా ఎండోథీలియల్ కణాలను బాగా రెచ్చగొడుతుంది. దాన్ని కొలవకపోతే "మూలిక ప్రభావం" అని మనం అనుకునేది మట్టిలోని బ్యాక్టీరియా ప్రభావం కావచ్చు.

కణాల మీద

ఎక్కువగా వాడేది హ్యూవెక్ అనే కణాలను. కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడులోని సిర నుంచి వీటిని తీస్తారు. 1973లో ఎరిక్ జాఫీ బృందం వీటిని పెంచే పద్ధతిని గట్టిగా నిలబెట్టింది. ఇవి కొద్ది తరాలు మాత్రమే బాగా నడుస్తాయి, ఆ తర్వాత మొద్దుబారతాయి. ఒక బొడ్డుతాడు కణాలకూ ఇంకోదానికీ తేడా కూడా ఉంటుంది. ఈ బాధ లేకుండా ఎన్నాళ్లయినా పెరిగే కణాలు దొరికితే బాగుండునని అందరికీ ఉంటుంది కదా. 1990లో అలాంటివే దొరికాయన్నారు. ఈసీవీ304 అని పేరు పెట్టారు. అవి వాటంతటవే అమరత్వం పొందిన హ్యూవెక్ కణాలని నమ్మి ఎన్నో ల్యాబ్‌లు వాడాయి. దాదాపు పదేళ్లకు డీఎన్ఏ పరీక్షలో అవి టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాలని తేలింది. ఎక్కడో కల్చర్లు కలిసిపోయాయి. రక్తనాళాల గురించి రాశామనుకున్న వాళ్లు మూత్రాశయ క్యాన్సర్ గురించి రాశారన్నమాట. ఆ తర్వాత కూడా ఆ కణాలతో పేపర్లు రావడం ఆగలేదు.

మొదటి పరీక్ష, కణాలు బతుకుతున్నాయా లేదా అన్నది. ఎంటీటీ అనే పసుపు రంగు ద్రవం వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. రంగు ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క. చవక, తేలిక, అందరూ చేస్తారు. కానీ మొక్కల్లోని పాలీఫినాల్స్‌కు ఎంటీటీని కణాలేవీ లేకుండానే ఊదాగా మార్చే గుణం ఉంది. సారం చంపేసిన కణాలు కూడా లెక్కలో బతికున్నట్టే కనిపిస్తాయి. కణాలు పెంచే ప్లేటులోని చిన్న గుంటల్లో ఒకదాన్ని కణాలు లేకుండా ఉంచి, అందులో సారం, ఎంటీటీ మాత్రమే వేసి పక్కన పెడితే ఈ మోసం నిమిషాల్లో బయటపడుతుంది. ఆ ఒక్క గుంట పెట్టారా లేదా అన్నది చూసి ఒక పేపర్‌ను ఎంత నమ్మాలో చాలావరకు చెప్పొచ్చు.

దీనికి ఎదురు దిశలో ఇంకో మోసం ఉంది. గ్రీన్ టీలోని ఈజీసీజీ లాంటి పదార్థాలు కణాల పోషక ద్రవంలో కలవగానే గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. కణాలు చస్తాయి, కానీ చంపింది పెరాక్సైడ్. ఒంట్లో ఆ చర్య అలా జరగదు. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే క్యాటలేజ్ అనే ఎంజైమ్‌ను కలిపి చూస్తే నిజం తెలుస్తుంది.

కణాలు నిజంగానే చచ్చాయనుకుందాం. అప్పుడూ పని తేలలేదు. అదే మోతాదు చర్మపు ఫైబ్రోబ్లాస్ట్ కణాలను కూడా చంపితే అది రక్తనాళాలను ఆపే మందు కాదు, ఉత్త విషం. ఎండోథీలియల్ కణాలను చంపకుండా వాటి పనిని మాత్రం ఆపే మోతాదు ఎక్కడుందో వెతకాలి. ఆ తర్వాతి పరీక్షలన్నీ ఆ మోతాదులోనే చేయాలి. చచ్చిన కణం ఎలాగూ పాకదు, గొట్టం కట్టదు. దాన్ని చూపించి "నాళాలు ఏర్పడకుండా అడ్డుకుంది" అని రాస్తే చదివేవాళ్లను మభ్యపెట్టడమే.

పాకడాన్ని చూడాలంటే, పలుచగా పరుచుకున్న కణాల మధ్య పిపెట్ కొనతో ఒక గీత గీస్తారు. రెండు వైపుల కణాలు ఆ ఖాళీని ఎన్ని గంటల్లో పూడుస్తాయో ఫొటోలు తీస్తారు. కణాలు విభజన చెందినా గీత పూడుతుంది కాబట్టి విభజనను ఆపే మందు వేసి చూడాలి, లేదా తక్కువ గంటల్లో ముగించాలి.

జెల్లీ మీద గొట్టాలు

పేపర్లలో కనిపించే అందమైన బొమ్మలు చాలావరకు ఈ పరీక్షవే. ఒక రకం ఎలుక కణితి నుంచి తీసిన మాట్రిజెల్ అనే పదార్థాన్ని వాడతారు. ఐస్ మీద ఉన్నంతసేపు ద్రవం, 37 డిగ్రీలకు రాగానే జెల్లీ. అందుకే పిపెట్ కొనలు, ప్లేటు అన్నీ ముందే ఫ్రీజర్‌లో చల్లబరిచి పెట్టుకోవాలి. చెయ్యి కాస్త ఆలస్యమైతే కొనలోనే గడ్డకడుతుంది. గుంటలో పోసేటప్పుడు ఒక్క బుడగ వచ్చినా ఆ గుంట పనికిరాదు. అంచుల దగ్గర జెల్లీ మందంగా, మధ్యలో పలుచగా ఉన్నా కణాలు వేరేలా ప్రవర్తిస్తాయి.

జెల్లీ గట్టిపడ్డాక దాని మీద హ్యూవెక్ కణాలు వేసి, ఇంక్యుబేటర్‌లో పెడతారు. గంట రెండు గంటల్లో గుండ్రంగా ఉన్న కణాలు సాగడం మొదలవుతుంది. ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు చేతులు చాస్తాయి. నాలుగు నుంచి ఆరు గంటలకు తేనెపట్టు గదుల్లా ఒక అల్లిక తయారవుతుంది. 1988లో హిండా క్లైన్‌మన్ బృందం ఈ పరీక్షను ప్రచురించింది. అప్పటి నుంచి ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా ఫలితం చూపే పరీక్ష ఇంకోటి రాలేదని చెప్పొచ్చు. కంప్యూటర్ ఆ అల్లికలో ముడులు ఎన్ని, గదులు ఎన్ని, గీతల మొత్తం పొడవు ఎంత అని లెక్కేస్తుంది. సారం వేసిన గుంటలో అల్లిక తెగిపోతే నాళాలను ఆపినట్టు, చిక్కబడితే పెంచినట్టు.

ఇక్కడ మూడు విషయాలు దాటిపోకూడదు. మాట్రిజెల్‌లోనే రకరకాల గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లు ఉంటాయి. కాబట్టి నాళాలు "పెంచే" మూలికను పరీక్షించాలంటే వాటిని తగ్గించిన రకం వాడాలి, లేకపోతే అల్లిక ముందే నిండుగా ఉంటుంది, ఇంకా పెరగడానికి చోటే ఉండదు. రెండోది, ఫైబ్రోబ్లాస్ట్‌లు, కొన్ని క్యాన్సర్ కణాలు కూడా ఈ జెల్లీ మీద అల్లిక కడతాయి, కాబట్టి అల్లిక కనిపించినంత మాత్రాన అది నాళం కాదు. మూడోది, ఎప్పుడు ఫొటో తీశారన్నది. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి మంచి అల్లిక కూడా తనంతట తానే తెగిపోతుంది. పోలిక కోసం మూలిక వేయకుండా ఉంచిన కంట్రోల్ గుంటకు ఆరో గంటలో, మూలిక గుంటకు పద్దెనిమిదో గంటలో ఫొటో తీస్తే మూలిక ఏదైనా "అడ్డుకుంటుంది". అందుకే లెక్కపెట్టే మనిషికి ఏ గుంటలో ఏముందో తెలియకూడదు.

ఆ కంట్రోల్ గుంటల్లో ఏముండాలి? సారాన్ని కరిగించిన ద్రవం మాత్రమే ఉన్న గుంట ఒకటి తప్పనిసరి. డీఎంఎస్‌ఓ అనే ద్రవాన్ని వాడితే సాధారణంగా 0.1 శాతం దాటనివ్వరు, ఎక్కువైతే అదే కణాలను మారుస్తుంది. వీఈజీఎఫ్ వేసిన గుంట ఇంకోటి, పెరుగుదల ఎలా ఉంటుందో చూపడానికి. సునిటినిబ్ లాంటి తెలిసిన మందు వేసిన గుంట మరోటి, ఆగడం ఎలా ఉంటుందో చూపడానికి. తెలిసిన మందు కూడా ఆపలేకపోతే ఆ రోజు ప్రయోగమే పాడైనట్టు. ఒకే ప్లేటులో పక్కపక్కన మూడు గుంటలు పెట్టి "మూడుసార్లు చేశాం" అనడం కూడా మామూలే. అది ఒక్కసారి చేసినట్టే. వేరే రోజు, వేరే బొడ్డుతాడు కణాలతో మళ్లీ చేస్తేనే రెండోసారి.

గుడ్డు, చేప, ఎలుక

జెల్లీ మీద రక్తం పారదు. నిజమైన నాళం కావాలంటే బతికున్న కణజాలం కావాలి. ఎలుక బృహద్ధమనిని మిల్లీమీటరు ఉంగరాలుగా కోసి కొలాజెన్‌లో పాతిపెడితే, వారం పది రోజుల్లో అంచుల నుంచి సన్నటి మొలకలు వస్తాయి. ఎండోథీలియల్ కణాలతో పాటు వాటి చుట్టూ ఉండే కణాలు కూడా ఇందులో ఉండటం దీనికున్న బలం.

ఎక్కువ ల్యాబ్‌లకు అందుబాటులో ఉండేది కోడిగుడ్డు పరీక్ష. పొదిగే గుడ్లను 37.5 డిగ్రీల దగ్గర, తేమ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెడతారు. మూడో రోజు సూదితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన తీస్తారు, లోపలి పొర పెంకు నుంచి కిందికి దిగడానికి. తర్వాత పెంకులో చిన్న కిటికీ కోసి టేపుతో మూస్తారు. పిండం ఊపిరి పీల్చుకునే పొర నాలుగైదు రోజులకు తయారై, చూస్తుండగానే ఎర్రటి నాళాలతో నిండిపోతుంది. ఎనిమిదో రోజు దరిదాపుల్లో మూలిక సారం నింపిన చిన్న స్పాంజి ముక్కనో డిస్కునో ఆ పొర మీద పెట్టి, రెండు మూడు రోజులయ్యాక మళ్లీ తెరుస్తారు. నాళాలను పెంచే పదార్థమైతే అవి చక్రం ఆకుల్లా అన్ని వైపుల నుంచీ డిస్కు వైపు తిరిగి ఉంటాయి. ఆపేదైతే డిస్కు చుట్టూ పాలిపోయిన వలయం కనిపిస్తుంది.

చూడటానికి ఇంత సూటిగా ఉన్నా ఈ పరీక్షకు ఓపిక కావాలి. కిటికీ కోసేటప్పుడు పెంకు పొడి పొర మీద రాలితే చాలు, అక్కడ వాపు వచ్చి నాళాలు వాటంతటవే మూగుతాయి. సారం పుల్లగా ఉన్నా, ఉప్పు ఎక్కువగా ఉన్నా నాళాలు ముడుచుకుపోతాయి, చూసేవాళ్లకు అవి లేనట్టే అనిపిస్తుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరి లాంటి వగరు కాయల సారాల్లో ఉండే టానిన్లు ప్రోటీన్లను పట్టి గడ్డకట్టిస్తాయి. వాటి కింద పొర తెల్లబడితే అది నాళాలు ఆగడమా, పొర తోలుబారడమా అని వేరుగా చూసుకోవాలి. ఈ వయసులో పొరలో నాళాలు ఎలాగూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొత్తవి ఏవి, ఉన్నవే సాగినవి ఏవి అన్నది తేల్చడం కూడా తేలిక కాదు. ఒక్కో గుడ్డు ఒక్కో తీరు. అయిదు గుడ్లతో తేల్చేస్తే నమ్మలేం.

జీబ్రా చేప పిల్లలు పారదర్శకంగా ఉంటాయి. 2002లో లాసన్, వైన్‌స్టైన్ తయారుచేసిన రకంలో రక్తనాళాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. నీళ్లలో సారం కలిపి, రెండు రోజుల్లో వెన్ను పొడవునా నాళాలు వరసగా పైకి లేచాయా లేదా అని మైక్రోస్కోపులో చూడొచ్చు. పిల్ల మొత్తంగానే ఎదగకపోతే నాళాలూ ఎదగవు. అందుకని చేప పొడవు, గుండె చప్పుడు కూడా రాయాలి. ఎలుకల విషయానికొస్తే, చర్మం కింద మాట్రిజెల్ గడ్డ పెట్టి, మూలికను నోటి ద్వారా ఇచ్చి, వారం పది రోజుల తర్వాత ఆ గడ్డలోకి ఎంత రక్తం చేరిందో కొలుస్తారు. నోటి ద్వారా ఇవ్వడమే ఇక్కడ కీలకం. మూలిక పేగు, కాలేయం దాటి రావాల్సి వచ్చేది ఈ పరీక్షలోనే. ఎలుకలకు నీళ్లకు బదులు గ్రీన్ టీ తాగిస్తే కంటి కార్నియాలో కొత్త నాళాలు తగ్గాయని 1999లో నేచర్‌లో వచ్చిన చిన్న నివేదికకు అంత పేరు రావడానికి కారణం కూడా అదే.

గుంటలో ఉన్నంత రక్తంలోకి వస్తుందా

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. పేపర్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. కణాల మీద మూలిక సారాన్ని మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున వేయడం మామూలు విషయం. పెద్దవాళ్ల ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, దాదాపు 3 లీటర్లు. అంటే అదే గాఢత రావాలంటే 300 మిల్లీగ్రాముల సారం ఏ మార్పూ లేకుండా ఒకేసారి రక్తంలో ఉండాలి, కణజాలంలోకి కొంచెం కూడా పోకూడదు. మింగిన సారం ఇంచుమించు ఎప్పుడూ అలా ఉండదు. పేగు కొంతే పీలుస్తుంది. పీల్చినదాన్ని పేగు గోడ, కాలేయం కలిసి వేరే రూపాల్లోకి మార్చి బయటికి పంపుతాయి.

పసుపులోని కర్కుమిన్‌నే తీసుకోండి. ల్యాబ్ గిన్నెల్లో నాళాలను ఆపిన ప్రయోగాలు చాలావరకు 10 మైక్రోమోలార్ (ద్రవంలో అణువుల గాఢతను చెప్పే కొలత) లేదా అంతకంటే ఎక్కువ గాఢతలో చేసినవి. 2001లో మనుషులకు రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ ఇచ్చి రక్తం పరీక్షిస్తే సగటు గరిష్ఠం 1.8 మైక్రోమోలార్ దగ్గరే ఆగింది, అదీ కాసేపే. 8 గ్రాములంటే పసుపు కాదు, శుద్ధి చేసిన కర్కుమిన్. పైగా దాని సొంత పసుపు రంగు, మెరుపు ల్యాబ్ కొలతల్లో అడ్డొస్తాయి, చాలా ప్రోటీన్లకు అది ఊరికే అతుక్కుంటుంది. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, ప్లాసిబోతో (మందు లేని ఉత్త మాత్రతో) పోల్చిన, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టరుకూ తెలియని డబుల్ బ్లైండ్ ట్రయల్‌లో అది గెలిచిన దాఖలా లేదని 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞుల సమీక్ష ఒకటి గట్టిగానే రాసింది.

దీన్ని దాటడానికి కొందరు ఒక ఉపాయం చేస్తారు. ఎలుకకు కషాయం తాగించి, గంట తర్వాత దాని రక్తం తీసి, ఆ సీరమ్‌ను కణాల మీద వేస్తారు. పేగు, కాలేయం దాటి వచ్చిన అసలు పదార్థాలే కణాలకు తగులుతాయన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ సీరమ్‌లోనే బోలెడన్ని గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి, కణాలకు చేరేసరికి మూలిక అంశం మరీ పలచబడుతుంది. కషాయం తాగని ఎలుకల సీరమ్‌తో పోల్చకపోతే ఈ పద్ధతికి విలువ లేదు.

కంప్యూటర్‌లో మూలికలోని అణువులను కణం మీద వీఈజీఎఫ్‌ను అందుకునే గ్రాహకానికి అతికించి చూపే బొమ్మలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఎక్కడ వెతకాలో చెప్పడానికి అవి పనికొస్తాయి. మందు పనిచేస్తుందనడానికి సాక్ష్యంగా మాత్రం వాటిని నేను లెక్కలోకి తీసుకోను. అణువు కణాన్ని చేరిందా, గ్రాహకం కింద నడిచే ఏకేటీ, ఈఆర్‌కే లాంటి సంకేతాలు తగ్గాయా, ఆ సంకేతాన్ని వేరే దారిలో మళ్లీ తెరిస్తే మూలిక ప్రభావం పోయిందా అన్నవి తేలాలి.

మనుషుల దగ్గరికొచ్చేసరికి

ల్యాబ్‌లో పనిచేసిందంటే మనిషిలో పనిచేస్తుందని ఎందుకు అనుకోకూడదో చెప్పడానికి మూలిక కూడా అక్కర్లేదు. వీఈజీఎఫ్‌నే చూడొచ్చు. ప్రతి గిన్నెలో, ప్రతి గుడ్డులో నాళాలను పెంచేది అదే. దాన్ని శుద్ధి చేసి గుండె రక్తనాళాలు మూసుకుపోయిన 178 మందితో వీవా అనే ట్రయల్ చేశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. 60 రోజులకు ప్లాసిబో తీసుకున్నవాళ్లు కూడా అంతే మెరుగయ్యారు. ఎదురు దిశలో సొరచేప మృదులాస్థి కథ ఉంది. అందులో నాళాలను ఆపే పదార్థాలున్నాయని 1983లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాన్నుంచి తీసిన సారాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 379 మందితో పరీక్షిస్తే, 2010లో ప్రచురించిన ఫలితాల్లో ఆయుష్షు ఏమాత్రం పెరగలేదు.

మొక్కల నుంచి వచ్చి ముందుకు వెళ్లినవీ ఉన్నాయి. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌బ్లాస్టిన్ క్యాన్సర్ మందుగా స్థిరపడింది, చాలా తక్కువ మోతాదులో నాళాలను ఆపే గుణం కూడా దానికి ఉందని తర్వాత తెలిసింది. దక్షిణాఫ్రికా చెట్టు ఒకదాని బెరడు నుంచి కాంబ్రెటాస్టాటిన్ వచ్చింది, అది ఉన్న కణితి నాళాలనే కూలగొడుతుంది. ఇవి రెండూ ఒక్కో అణువుగా విడదీశాకే ముందుకు నడిచాయి. మిశ్రమాన్ని మిశ్రమంగానే మందుగా నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. గ్రీన్ టీ సారంతో చేసిన ఒక చర్మపు లేపనానికి 2006లో అమెరికా అనుమతి ఇచ్చింది. అక్కడ ప్రతి బ్యాచ్‌లో ఏమేం ఎంతెంత ఉందో చూపించాల్సి వచ్చింది, అదీ పైపూతకే, మింగే మందుకు కాదు.

"మూలికే కదా, పోయేదేముంది" అనేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. ఒక మూలిక నిజంగానే నాళాలను ఆపగలిగితే, ఆ గుణం కణితి దగ్గరే ఆగిపోదు. బెవాసిజుమాబ్ తీసుకునేవాళ్లకు బీపీ పెరుగుతుంది, రక్తస్రావం కావచ్చు, గాయాలు మానవు. పెద్ద ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు దాటి, గాయం పూర్తిగా మానేదాకా దాన్ని మొదలుపెట్టరు. 1950ల చివర్లో, 60ల మొదట్లో గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ వల్ల 10,000 మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. అది కొత్త నాళాలను ఆపుతుందని 1994లో ఫోక్‌మన్ ల్యాబ్ చూపించింది, కుందేలు కంట్లో. మామూలు ఎలుకల పిండాల్లో ఆ లోపాలు కనిపించవు. కాబట్టి "నాళాలను అడ్డుకుంటుంది" అని సీసా మీద రాసుకునే మూలిక, గర్భిణుల గురించి, ఆపరేషన్‌కు వెళ్లేవాళ్ల గురించి, మానని పుండు ఉన్నవాళ్ల గురించి కూడా అదే సీసా మీద రాయాలి. అలా రాయలేదంటే, పైన చెప్పుకున్న గుణాన్ని తయారుచేసినవాళ్లే నమ్మడం లేదన్నమాట, లేదా దాన్ని ఎవరూ పరీక్షించలేదన్నమాట.